మెనోపాజ్ టైంల పొట్ట మాలీష్ చేసుకోవచ్చా? ఉబ్బరం, నిద్ర లేదు, తెలిసినోళ్ళు జర చెప్పుండ్రి

పరకాల_టైలరక్క:

అందరికి నమస్తే. నాకు 48 నడుస్తాంది, మాది పరకాల, ఇంట్లనే మిషన్ కుడుత. ముట్టు ఆగి ఏడెనిమిది నెలలైతాంది, దానికి ముందు ఏడాది నుంచే సక్కగ లేకుండె, ఒక నెల వస్తే రెండు నెలలు రాకపోవుడు, వచ్చినప్పుడు మస్తు పోవుడు. ఇప్పుడు ఆ బాధ పోయింది గని పొట్టతోని పరేశాన్ అయితాన. పొద్దుగాల లేచినప్పుడు బాగనే ఉంటది, మధ్యాహ్నం తిని మిషన్ మీద కూసున్నంక ఉబ్బుడు షురూ అయితది, సాయంత్రానికి లంగా బొందె వదులు చేసుకుంటే గని కూసోరాదు, బొందె అచ్చు నడుము చుట్టు ఎర్రగ పడి ఉంటది. మోషన్ రెండు మూడు రోజులకోసారి. రాత్రి రెండు గంటలప్పుడు ఒళ్ళంత ఉడుకెత్తి మెడ ఎనుక చెమట కారుతది, లేచి కూసుంట, ఇగ నిద్ర రాదు, పొద్దున కత్తెర పట్టుకుంటే చెయ్యి గూడ సాగది.

మా అత్తమ్మ ఏమంటదంటే గర్భసంచి జారింది అందుకే గిట్లయితాంది, ఎనుకట మంత్రసాని ఉన్నప్పుడు ఆముదం రాసి పొట్ట రుద్ది పైకి ఎత్తేది అంటది. మా కస్టమర్ ఒకామె హన్మకొండల ఏదో వెల్‌నెస్ సెంటర్‌కు పోతాందట, ఆడ మాయా మసాజ్ అని చేస్తరట, గర్భసంచిని దాని జాగల పెడ్తరట, హార్మోన్లు సెట్ అయితయట, ప్యాకేజి పైసలు ముందే కట్టాలెనట. నన్ను గూడ రమ్మంటాంది. ఇంకోదిక్కు మా ఆడిబిడ్డ, ఎందుకీ తిప్పలు, సంచి తీసేపించుకో, లేకపోతె రేపు క్యాన్సర్ అయితది అని భయపెడ్తాంది. ఆమె తీపించుకుంది.

నాకు ఎవరి మాట వినాల్నో సమజైతలేదు. మాలీష్ తోని ఏమన్న ఫరక్ పడ్తదా, ఇంట్లనే నేనే చేసుకోవచ్చా, ఏ నూనె, ఎట్ల చెయ్యాలె, ఎవరు చెయ్యొద్దు, తెలిసినోళ్ళు చెప్తె పుణ్యముంటది. ఇంట్ల మొగోళ్ళతోని చెప్పుకునే ముచ్చట గాదు, అందుకే ఈడ రాస్తాన.

స్టాఫ్‌నర్స్_హన్మకొండ:

అక్కా, నేను స్టాఫ్ నర్సును, గైనిక్ వార్డుల చాన ఏండ్లు చేసిన. నువ్వు రాసినట్టే రోజు ఎవరో ఒకరు వచ్చి చెప్తరు, చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెప్తరు, అదే నాకు బాధ అనిపిస్తది. కొంచెం పెద్దగ రాస్త, ఓపికతోని చదువు.

ముందుగాల అసలు సంగతి. వరుసగ 12 నెలలు ముట్టు రాకపోతెనే మెనోపాజ్ అయిందంటరు, నువ్వు ఇంక ఆ దారిలనే ఉన్నవు. మన దేశంల ఆడోళ్ళకు సగటున 46, 47 ఏండ్లకే అయితది, బయటి దేశాలల్ల 51 దాక పడ్తది. అంటె నీ వయసుకు ఇది రావాల్సిందే, నీలో ఏదో చెడిపోయి కాదు. అండాశయాలల్ల, అంటె ఓవరీలల్ల, ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తయారయ్యుడు తగ్గుతది. ఒంటి వేడిని చూసుకునేది మెదడుల హైపోథాలమస్ అనే భాగం, ఈస్ట్రోజెన్ తగ్గినంక అది జరంత వేడికే ఎక్కువైందనుకొని రక్తనాళాలు తెరిచి చెమట పట్టిస్తది, నీ రాత్రి రెండు గంటల ఉడుకు అదే. పేగుల కదలిక గూడ ఈ వయసుల నెమ్మదిస్తది, దానికి తోడు నువ్వు పొద్దంత మిషన్ మీద ముందుకు వంగి కూసుంటవు, నీళ్ళు తాగుడు మర్శిపోతవు, నిద్ర లేదు. ఉబ్బరం రాక ఏమైతది?

గర్భసంచి జారింది అనే మాట. గర్భసంచి పొట్టల ఊరికె తేలాడేది కాదు. నడుము కింద ఎముకల నడుమ ఉంటది, పక్కల నుంచి లిగమెంట్లు అనే గట్టి పట్టీలు, కింద నుంచి కండరాలు పట్టుకొని ఉంటయి. నిజంగ జారితే కింద బరువుగ అనిపిస్తది, ఏదో గడ్డ బయటికి వచ్చినట్టు చేతికి తగులుతది, దగ్గితే మూత్రం పడ్తది. దాన్ని పొట్ట మీంచి రుద్ది పైకి ఎత్తుడు కాదు, కింది కండరాలకు ఎక్సర్‌సైజ్ ఉంది, రింగు పెడ్తరు, మరీ ఎక్కువైతె ఆపరేషన్. నువ్వు రాసిన దాంట్ల ఆ లక్షణాలు ఒక్కటి గూడ లేవు. కొందరికి గర్భసంచి ఎనుకకు వంగి ఉందని స్కాన్ల రాస్తరు, నూటికి ఇరవై మందికి దాక అట్లనే ఉంటది, అది రోగం కాదు.

ఆ మాయా మసాజ్ మధ్య అమెరికాల బెలీజ్ అని చిన్న దేశం ఉంది, ఆడిది. ఆడి మాయా జాతి నాటు వైద్యుడు డాన్ ఎలీహియో పాంటి అని ఉండె, ఆయన దగ్గర రోసిటా ఆర్విగో అనే అమెరికా ఆమె నేర్చుకొని తన పేరు మీద క్లాసులు పెట్టి అందరికి నేర్పింది. సున్నితంగ చేసే మాలీషే, చేపించుకుంటె ఒంటికి హాయిగ ఉంటది, అది నేను కాదనను. కని మాలీష్ తోని ఆగిపోయిన ఈస్ట్రోజెన్ మల్ల ఊరదు, హార్మోన్లు సెట్ చేస్తం అని ముందే పైసలు అడిగేటోళ్ళ దగ్గరికి పోకు. నీకు కావాల్సిన మాలీష్ నీ చేతులతోని, నీ ఇంట్ల, నువ్వే చేసుకోవచ్చు. మోషన్‌కు, గ్యాస్‌కు, మనసు నెమ్మదించి నిద్ర పట్టుటానికి ఇది నిజంగనే పనికొస్తది. మలబద్ధకం ఉన్నోళ్ళకు ఫిజియోథెరపిస్టులు నేర్పేది గూడ ఇదే.

ఎట్లనంటే, తిన్నంక రెండు గంటలు ఆగి, మూత్రం పోసి వచ్చి వెల్లకిల పండుకో. మోకాళ్ళ కింద దిండు పెట్టుకో, అప్పుడు పొట్ట కండరాలు వదులైతయి, కాళ్ళు చాపుకొని చేస్తే పొట్ట గట్టిగనే ఉంటది లాభం లేదు. చెంచెడు నువ్వుల నూనె గాని కొబ్బరినూనె గాని గోరువెచ్చగ చేసుకో, చేతులు రుద్దుకొని వేడి చేసుకో. ముందు ఏం చెయ్యకు, రెండు అరచేతులు బొడ్డు మీద పెట్టి ముక్కుతోని మెల్లగ గాలి పీల్చు, చేతులు పైకి లేవాలె, మెల్లగ వదులు. ఒక పదిసార్లు.

ఇగ ఇప్పుడు పెద్ద పేగు దారి పట్టుకోవాలె. అది కుడి తుంటి ఎముక కాడ మొదలైతది, నిట్టనిలువుగ కుడి పక్కటెముకల దాక ఎక్కుతది, బొడ్డు మీదంగ అడ్డంగ ఎడమ దిక్కుకు పోతది, ఆడికెల్లి ఎడమ తుంటి ఎముక దాక దిగుతది. నీ చెయ్యి గూడ అదే దారి. ముందుగాల ఎడమ దిక్కు పైకెల్లి కిందికి ఒక అయిదారు సార్లు దిగు, ఎందుకంటె బయటికి పోయే తోవ ముందు ఖాళీ కావాలె. తర్వాత పైన అడ్డంగ కుడి నుంచి ఎడమకు, తర్వాత కుడి దిక్కు కిందికెల్లి పైకి, ఆఖరుకు మూడు కలిపి పూర్తి చుట్టు. ఎప్పుడైన ఇదే దిక్కు, ఉల్టా చెయ్యొద్దు. వేళ్ళ కొనలతోని పొడవకు, నాలుగు వేళ్ళు పరిచి చెయ్యి. పసిపిల్లకు నూనె రాసేటప్పటి చెయ్యి కంటె ఒక్క పిసరంత బరువు ఎక్కువ, అంతే. నొప్పి లేస్తే బరువు తగ్గించు, తగ్గించినా నొప్పి ఉంటె ఆపెయ్యి. బొడ్డు కింద గర్భసంచి ఉండేకాడ గట్టిగ ఒత్తే పనే లేదు, పైపైన రాస్తె చాలు. ఎడమ దిక్కు కింద ఒక్కోసారి గట్టిగ తాడు లెక్క తగులుతది, అది మలం నిండిన పేగు, అక్కడ జర ఎక్కువసేపు మెల్లగ తిప్పు, గుడగుడమని చప్పుడు వస్తది, గాలి పోతది, సిగ్గుపడకు అదే మనకు కావాల్సింది.

మొత్తం పది పదిహేను నిమిషాలు. అయినంక ఒక్కొక్క మోకాలు ఛాతి దాక పట్టుకొని కాసేపు ఉంచు. పొద్దున లేచి గోరువెచ్చటి నీళ్ళు తాగి చేస్తే మోషన్‌కు మంచిది, రాత్రి చేస్తే నిద్రకు మంచిది, నీకు ఏది కుదిరితె అది. కుర్చీ లెక్క కూసునే లెట్రిన్ అయితే కాళ్ళ కింద చిన్న పీట పెట్టుకో, మోకాళ్ళు పైకి వస్తె పేగు సాపుగ అయితది. ఒక్కరోజుకే చూసి లేదనకు, రెండు మూడు వారాలు చెయ్యి.

చెయ్యొద్దన్నోళ్ళు గూడ ఉన్నరు: హెర్నియా ఉన్నోళ్ళు, పొట్ట ఆపరేషనై ఇంక మానని వాళ్ళు, గర్భసంచిల పెద్ద ఫైబ్రాయిడ్లు (గడ్డలు), ఓవరీల సిస్టులు (నీటి బుడగలు) ఉన్నోళ్ళు, జ్వరంతోని పొట్టనొప్పి ఉన్నప్పుడు, వాంతులైతాంటే, కారణం తెలువని బ్లీడింగ్ ఉంటె. రక్తం పల్చబడే గోళీలు వేసుకునేటోళ్ళు డాక్టర్ను అడిగినంకనే.

ఇప్పుడు అన్నింటికంటె ముఖ్యమైంది, దీనికోసమే ఇంత రాసిన. నీకు పొద్దుగాల తగ్గి సాయంత్రానికి వస్తాంది, అది గ్యాసే అయ్యుండొచ్చు. కని 45 దాటినంక కొత్తగ మొదలైన ఉబ్బరం రెండు మూడు వారాలకు పైన రోజూ ఉంటే, రెండు ముద్దలకే కడుపు నిండినట్టుంటె, ఊకె మూత్రం వస్తాంటె, తినకున్న పొట్ట పెరుగుతాంటె, మాలీష్ మొదలు పెట్టకముందే ఒక్కసారి పొట్ట స్కాన్ చేపించాలె. ఓవరీ క్యాన్సర్ గిట్లనే గ్యాస్ లెక్క వస్తది, అందరు గ్యాస్ గోళీలు మింగుకుంట నెలలు గడుపుతరు. అందరికి అదే అని కాదు, చానమందికి కాదు. చూపించుకుంటె మనసుకు నిమ్మళం. మల్ల 12 నెలలు దాటినంక ఒక్క చుక్క రక్తం కనపడ్డ సరే డాక్టర్ దగ్గరికి పోవాలె, మల్ల ముట్టొచ్చిందిలే అనుకొని ఊకోవద్దు.

మెట్‌పల్లి_బిడ్డ:

నర్సక్క మంచిగ చెప్పింది. మా అవ్వ ముచ్చట చెప్త. మా అవ్వ బీడీలు చేత్తది, చిన్నప్పటి సంది అదే పని. చాట ఒళ్ళె పెట్టుకొని కూసుంటె లేవది, తునికాకు కత్తిరిచ్చుడు, తంబాకు పోసి సుట్టుడు, దారం కట్టుడు, నడుము వంగి పొట్ట మడత పడి అట్లనే ఉంటది. లేత్తె లెక్క తగ్గుతదని నీళ్ళు గూడ తాగది, నీళ్ళు తాగితె మల్ల బయటికి పోవాలె గదా అంటది. ముట్టు ఆగినంక మోషన్ బంద్ లెక్కనే అయింది, గోళీలకు అలవాటు పడ్డది, గోళి లేకపోతె అయ్యేది కాదు.

మా దగ్గర ఫిజియో మేడం చూపిచ్చింది ఈ మాలీషే, సేమ్ కుడి నుంచి పైకి ఎడమకు. మొదట మా అవ్వ వద్దే వద్దన్నది, పొట్ట మీద చెయ్యి వెయ్యనీయది, నాలుగు కాన్పులైన పొట్ట, తోలు వదులై చారలు పడ్డది, బిడ్డ ముందట గూడ కొంగు తియ్యదు. నేనేం జబర్దస్తి చెయ్యలే, ఆమె చేతులే ఆమె పొట్ట మీద పెట్టి పైనంగ నా చేతులు పెట్టిన. కొంచెంసేపు అట్లనే ఉన్నం. తర్వాత ఆమెనే తిప్పుడు షురూ చేసింది. కండ్లు మూసుకొని పండుకున్నది, మా అవ్వ పట్టపగలు పండుకోంగ నేను సూసుడు గదే మొదలు.

ఒక్క మాలీష్ తోనే తగ్గిందని చెప్ప. గంటకోసారి లేపుతున్నం, చెంబు నీళ్ళు పక్కనే పెడ్తున్నం, తెల్లన్నం జర తగ్గిచ్చి పొద్దుమూకి జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, జామపండు. అన్ని కలిపితె ఇప్పుడు గోళి లేకుండ అయితాంది. మాలీష్ తోని అచ్చిన లాభం నాకేమనిపిస్తదంటె ఆమెకు ఆమె పదినిమిషాలు ఇచ్చుకునుడు నేర్శింది. టైలరక్క నువ్వు గూడ గంటకోసారి మిషన్ మీంచి లేవు, ఎవరి జాకెట్ ఆగదు.

ప్రకృతి_బాట:

మసాజ్‌ను అంత తక్కువ చెయ్యకండి మేడం. నేను యోగా క్లాసులు చెప్తాను, కాజీపేట. ఆముదం పట్టీ అని ఉంది, మందపాటి కాటన్ బట్టను ఆముదంలో తడిపి పొట్ట మీద వేసి పైన వేడి నీళ్ళ బ్యాగు పెడితే లివర్ శుభ్రమై హార్మోన్లన్నీ బ్యాలెన్స్ అవుతాయి, నా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది హాట్ ఫ్లషెస్ (ఒంట్లో ఒక్కసారిగా వచ్చే వేడి, చెమటలు) తగ్గాయని చెప్తున్నారు. మన పెద్దవాళ్ళు ఊరికే చేయలేదు కదా.

స్టాఫ్‌నర్స్_హన్మకొండ:

సార్, వేడి కాపడం తోని కండరాలు వదులై నొప్పి తగ్గుతది, నిద్ర పడ్తది, అది నిజం, ఎవరైన పెట్టుకోవచ్చు, బ్యాగును తువ్వాలల చుట్టి పెట్టుకుంటె చాలు తోలు కాలకుండ. లివర్ శుభ్రమై హార్మోన్లు బ్యాలెన్స్ అయితయి అనే దానికి మాత్రం ఆధారం లేదు. మీ క్లాసులకు వచ్చే ఆడోళ్ళకు ఫరక్ పడ్తాందంటే మెల్లగ ఊపిరి తీసుకునుడు, నడుము వంచి కదులుడు, నలుగురితోని కూసొని మాట్లాడుడు, వాటి తోని గూడ పడ్తది, అది చిన్న విషయం కాదు. కాకపోతె హార్మోన్లు సెట్ అయితయి అని నమ్మి చూపించుకోకుండ ఉండిపోతరు చూడండ్రి, నా భయం అది.

హాట్ ఫ్లషెస్ మరీ ఎక్కువుండి నిద్రే లేకుండ పనే చేసుకోరాకుండ అయితాంటె దానికి మందులున్నయి. హార్మోన్ గోళీలంటె అందరు భయపడ్తరు, 2002ల అమెరికాల విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద స్టడీ ఆ గోళీలతోని ముప్పు ఉందన్నంక ఆ భయం పెరిగింది. అందుల చేరినోళ్ళ సగటు వయసు 63, మన దగ్గరికి వచ్చేది 47, 48 ఏండ్లోళ్ళు. 60 లోపు, ముట్టు ఆగి పదేండ్ల లోపు ఉండి లక్షణాలు ఎక్కువున్నోళ్ళకు మామూలుగ లాభమే ఎక్కువ అని ఇప్పుడు డాక్టర్లు చెప్తున్నరు. రొమ్ము క్యాన్సర్ అయినోళ్ళకు, కాళ్ళల్ల ఊపిరితిత్తులల్ల రక్తం గడ్డ కట్టినోళ్ళకు, స్ట్రోక్ వచ్చినోళ్ళకు, లివర్ జబ్బు ఉన్నోళ్ళకు ఇయ్యరు. గర్భసంచి ఉన్నోళ్ళకు ఒక్క ఈస్ట్రోజెనే ఇయ్యొద్దు, ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోన్ గూడ కలిపి ఇయ్యాలె. అందుకే మెడికల్ షాపుల అడిగి తెచ్చుకునేది కాదు ఇది. హార్మోన్లు వద్దనుకుంటె వేరే గోళీలు గూడ ఉన్నయి. కింద మంట, పొడిబారుడు ఉంటె ఈస్ట్రోజెన్ క్రీము ఉంది, చానమంది దీని గురించి నోరే తెరువరు, సంసారం బాధగ అయినా ఓర్చుకుంట ఉంటరు. అడుగుండ్రి, డాక్టర్లకు ఇది కొత్త ముచ్చట కాదు.

కరీంనగర్_చెల్లె:

టైలరక్క, మీ ఆడిబిడ్డ మాట మాత్రం వినకు, దండం పెడ్త.

నాకు 36 ఏండ్లప్పుడు తెల్లబట్ట అయితాందని ఒక ప్రైవేట్ దావఖానకు పోతె స్కాన్ తీసి గర్భసంచి ఖరాబైంది, ఉంచితె క్యాన్సర్ అయితది అన్నరు. ఇద్దరు పిల్లలున్నరు గదా ఇంకెందుకది అన్నరు. మా ఇంటోళ్ళు భయపడ్డరు, వారంల ఆపరేషన్ అయిపోయింది. సంచి ఒక్కటే కాదు రెండు ఓవరీలు గూడ తీసిండ్రు, తీస్తమని నాకు సక్కగ చెప్పలే, డిశ్చార్జ్ కాయితం వేరే డాక్టర్ చదివి చెప్తె తెలిసింది. ఇంటికి వచ్చినంక కొద్దిరోజులకే మంటలు, చెమటలు, ఏడుపు, కీళ్ళనొప్పులు. మిగతా ఆడోళ్ళకు మెల్లమెల్లగ వచ్చేది నాకు ఒక్కసారే మీద పడ్డది. ఇప్పుడు 44. పోయిన ఏడు బాత్‌రూంల జారితె మణికట్టు విరిగింది, ఎముకల పరీక్ష చేస్తె ముసలోళ్ళ లెక్క గుల్లగున్నయి అన్నరు. ఇప్పుడు చూసే డాక్టరమ్మ చెప్పింది, తెల్లబట్టకు మందులతోనే తగ్గేదట.

నా ఒక్కదాని కత గాదు ఇది. నేషనల్ ఫ్యామిలీ హెల్త్ సర్వే 2015-16 లెక్కల్ల దేశం మొత్తంల 15 నుంచి 49 ఏండ్ల ఆడోళ్ళల్ల నూటికి ముగ్గురు సంచి తీపించుకున్నోళ్ళుంటె మన తెలంగాణల ఏడెనిమిది మంది ఉన్నరు. మా వాడకట్టులనే చూస్తె తెలుస్తది. నిజంగ అవసరం ఉండి తీసేటియి ఉంటయి, కాదనను, బ్లీడింగ్ దేనికీ ఆగకపోతె, క్యాన్సర్ తేలితె, పెద్ద గడ్డలుంటె. క్యాన్సర్ అయితదేమో అని ముందే తీసుడు మాత్రం వద్దు, ఇంకో డాక్టర్‌కు చూపిచ్చుకోకుండ సంతకం పెట్టొద్దు. మల్ల ముట్టు ఆగే వయసుల ఎందుకు తీపిచ్చుకునుడు, నాకు చెప్పుండ్రి.

మాలీష్ గురించి గూడ ఒక మాట, నాకు కుట్లు మానినంక డాక్టరమ్మనే సరే అన్నది, రాత్రిపూట చేసుకుంట. మంటలైతె దానితోని తగ్గలే. కని ఆపరేషనైనప్పటి నుంచి నా పొట్ట నాకే పరాయిదైనట్టుండె, చూసుకోబుద్ధి కాకపోయేది, నూనె రాసుకుంట రాసుకుంట ఆ కోపం పోయింది. ఇది ఏ రిపోర్టుల రాయరు.

కాజీపేట_డ్రైవరన్న:

మొగోడు ఈడ మాట్లాడొద్దంటె తీసేస్త. మా ఇంటామెకు గూడ ఇదే నడిచింది, ఊకె చిరాకు పడేది, నేను గూడ ఎదురు మాట్లాడేది, మా బిడ్డ నర్సింగ్ చదువుతాంది అది చెప్తె అర్థమైంది. 2023 మార్చి 8న మహిళా దినోత్సవం నాడు రాష్ట్రంల ఆరోగ్య మహిళ అని మొదలు పెట్టిండ్రు, మంగళవారం మంగళవారం ఆడోళ్ళకే ప్రత్యేకం, ఎనిమిది రకాల సేవలు, అందుల మెనోపాజ్ గూడ ఉంది, క్యాన్సర్ పరీక్షలు గూడ ఉన్నయి. మా ఆమెను ఆశమ్మే తీస్కపోయింది. థైరాయిడ్, రక్తం, షుగర్ అన్ని చూసిండ్రు, థైరాయిడే ఎక్కువ తేడా ఉండె, గోళి మొదలు పెట్టినంక సగం చిరాకు తగ్గింది. మీ దగ్గర ఏ దావఖానల చూస్తాండ్రో ఆశమ్మను గాని ఏఎన్ఎంను గాని అడుగుండ్రి.

ఇంట్ల ఏం చెయ్యాల్నో తెలువని మొగోళ్ళకు, పొద్దుమూకి వాళ్ళను తీసుకొని నడువుండ్రి. మేము వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడుస్తం, డ్యూటీ లేనప్పుడు. కూలర్ ఆమె దిక్కు తిప్పుండ్రి, మనకు దుప్పటి ఉంటది.

పరకాల_టైలరక్క:

అందరికి చాన చాన థాంక్స్, చదువుకుంట ఏడ్సిన గూడ. కరీంనగర్ చెల్లె, నీది చదివి మా ఆడిబిడ్డకు ఫోన్ చేసిన, ఆమెకు ఓవరీలు ఉంచిండ్రో తీసిండ్రో ఆమెకే తెల్వదు, కాయితాలు ఎతుకుతాంది. వెల్‌నెస్ సెంటర్ ముచ్చట బంద్. మాలీష్ రాత్రి పూట మొదలు పెట్టిన, చెప్పినట్టే ఎడమ దిక్కు నుంచి. మోషన్ సంగతి ఇంక చూడాలె గని గాలి మాత్రం పోతాంది, పొట్ట తేలికైతాంది. అత్తమ్మకు గూడ నేర్పిన, ఆమెకు ఆముదమే కావాలంటది, రాసుకోనీ అన్న.

నర్సక్కా రెండు డౌట్లు. రెండేండ్ల కింద బ్లీడింగ్ ఎక్కువైతాంటె స్కాన్ చేసిండ్రు, మూడు సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ ఉందని రాసిండ్రు, అప్పుడు ఏం భయం లేదన్నరు. ఇప్పుడు మాలీష్ చెయ్యొచ్చా మల్ల? ఇంకోటి, కాల్షియం గోళీలు వేసుకోమని మా మెడికల్ షాపాయన అంటాండు, వేసుకోవాల్నా?

స్టాఫ్‌నర్స్_హన్మకొండ:

అక్కా, ఫైబ్రాయిడ్లు ఈస్ట్రోజెన్ మీదనే పెరుగుతయి, ముట్టు ఆగినంక మామూలుగ అవి చిన్నగైతయి. మూడు సెంటీమీటర్లది చిన్నదే. నువ్వు బొడ్డు పైన, పక్కల పేగు దారిల చేస్తానవు గదా, కింద ఒత్తకుండ అట్లనే మెల్లగ చేసుకో, ఆమె ఈమె వచ్చి కింద గట్టిగ రుద్దుత అంటె మాత్రం ఒప్పుకోకు. అది ఇప్పుడు ఎంతుందో మల్ల చూపించుకోవాలె, ముట్టు ఆగినంక గూడ పెరిగితె డాక్టర్లు వేరే తీరుగ చూస్తరు. ఎట్లాగు ఉబ్బరం ఉంది కాబట్టి స్కాన్ అయితె చేపించు, పాత రిపోర్టు గూడ పట్టుకపో, రెండు పక్కపక్కన పెట్టి చూస్తరు.

కాల్షియం ముందు తిండిల చూడు. హైదరాబాద్ తార్నాకల ఎన్ఐఎన్ ఉంది గదా, జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ అనే దేశ వైద్య పరిశోధన మండలితోని కలిసి వాళ్ళిచ్చిన లెక్క ప్రకారం ముట్టు ఆగినోళ్ళకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలె. వంద గ్రాముల రాగుల్ల 340 దాక ఉంటది, పావులీటర్ పాలల్ల మూడు వందల దగ్గర దగ్గర. రాగి అంబలి, మజ్జిగ, పెరుగు, పొట్టు తియ్యని నువ్వులు బెల్లం ఉండలు, చిన్న చేపలు ముండ్లతోని, తోటకూర. మనకు బతుకమ్మప్పుడు నువ్వుల సద్ది చేస్తం గదా, ఆ పొడి ఏడాదంత చేసి పెట్టుకొని రెండు చెంచాలు తింటె ఎవరొద్దన్నరు. తిండిల సరిపోకపోతె గోళీ, అది విటమిన్ డి పరీక్ష చూసి డాక్టర్ చెప్తరు. కాల్షియం గోళీలతోని గూడ కొందరికి మోషన్ గట్టిపడ్తది, నీకు ఇప్పటికే ఆ బాధ ఉంది, అందుకే షాపాయన చెప్పిండని వేసుకోకు. ఎండల కాసేపు నడువు, ఎముకలకు నడక గూడ మందే.

కింది కండరాల ఎక్సర్‌సైజ్ గూడ ఇప్పుడే మొదలు పెట్టు, జారినంక చేసుడు కంటె ముందే చేసుడు మంచిది. గాలిని, మూత్రాన్ని ఆపుకుంటె ఏ కండరాలు బిగుస్తయో అవే, అయిదు సెకన్లు బిగపట్టు, అయిదు సెకన్లు వదులు, పదిసార్లు. పూటకోసారి చొప్పున రోజుకు మూడుసార్లు. ఊపిరి ఆపొద్దు, పొట్ట, తొడలు బిగించొద్దు. మూత్రం పోసేటప్పుడు చెయ్యొద్దు, కొందరు అట్లనే చేస్తరు, అది మంచిది కాదు. మిషన్ మీద కూసొని గూడ చేసుకోవచ్చు, ఎవరికీ తెల్వది.

మంగళవారం పోతె బీపీ, షుగర్, హిమోగ్లోబిన్, థైరాయిడ్ అడుగు. రొమ్ము పరీక్ష, గర్భసంచి ముఖద్వారం పరీక్ష గూడ చేస్తామంటె చేపించుకో, రెండు నిమిషాల పని.

పరకాల_టైలరక్క:

సరే అక్కా, మంగళవారమే పోతం, ఆడిబిడ్డను గూడ తీస్కపోత. స్కాన్‌కు ఏమన్న తినకుండ పోవాల్నా? పోయినసారి పొద్దంత కూసోబెట్టి మూత్రం ఆపుకోమన్నరు, పానం పోయింది.

స్టాఫ్‌నర్స్_హన్మకొండ:

పొట్ట మీంచి చేసే స్కాన్‌కు మూత్రం సంచి నిండి ఉండాలె, అప్పుడే గర్భసంచి, ఓవరీలు కనపడ్తయి. ఇంటికాన్నుంచే ఆపుకొని పోకు. ఆడికి పోయి నంబర్ రాపిచ్చుకొని, నీ ముందట నలుగురైదుగురు ఉన్నరనంగ మూడు నాలుగు గ్లాసుల నీళ్ళు తాగు, సరిపోతది. లివర్, పిత్తాశయం గూడ చూస్తమంటె ఏం తినకుండ పోవాలె, అది చీటీ రాసినప్పుడే అడుగు. కింద నుంచి చేసే స్కాన్ అయితె ఉల్టా, మూత్రం పోసి పోవాలె, దానికి భయపడకు, నొప్పి ఉండదు, లేడీ స్టాఫ్ ఉండమని అడిగే హక్కు నీకుంది. లంగా బొందె కాకుండ ఎలాస్టిక్ ఉన్నది కట్టుకొని పో, జల్ది అయిపోతది.